ఫైల్లో లేని గంట

చోడవరం
జనవరి నెలాఖరు

ఒసే దేవిశ్రీ గుంటా,

బెంగళూరు వెళ్ళి ఇన్నాళ్ళయింది. చోడవరంలో మేనత్త ఒకర్తి ఉందని గుర్తుందా, లేక అక్కడి ట్రాఫిక్‌లో ఎక్కడో జారిపోయిందా? క్లయింటు దగ్గర ఆరు నెలలు ఉండాలట కదా, మీ నాన్న చెప్పేడు. మా అన్నయ్యకి నువ్వు దూరమయ్యేవని బెంగ. అది దాచుకోడానికి నా మీద కేకలు. "నీ ఆపీసులోనే కదే ఉజ్జోగం ఏయించేవు, గుంటని నువ్వే సూసుకో" అంటాడు.

సరే, చూసుకుంటాను. ముందు నువ్వు నన్ను చూసుకోవాలి.

మన వైజాగ్ ఆఫీసులో సర్వర్ ఉంది కదా. నీ టీము ఫోన్ యాప్‌కి రాసే కోడైనా, ఏబెల్ టీము బిల్లింగ్‌కి రాసే కోడైనా ముందు దాని దగ్గరికే వెళ్తుంది. అది ఆ కోడ్‌ని కూర్చి, పరీక్షలు పెట్టి, బాగుంటే పచ్చచుక్క, పాడైతే ఎర్రచుక్క చూపిస్తుంది. దాన్ని పెట్టింది నేను, ఇప్పుడు ఇక్కడ ఇంటి నుంచే చూసుకుంటున్నాను. పేజీ తరవాత పేజీ తెరిచి, బటన్ తరవాత బటన్ నొక్కి, ఏళ్ళ తరబడి పెంచేను. ఏ బటన్ ఎందుకు నొక్కేనో నా బుర్రలో తప్ప ఎక్కడా లేదు. మొన్న మేనేజరు ఉదయ్‌కుమార్ గారు అదే పట్టుకున్నారు. "ఝాన్సీ గారూ, మీకు జ్వరం వస్తే సర్వర్‌కీ జ్వరమే. దీన్ని బయట కంపెనీకి ఇచ్చేద్దాం" అన్నారు. బయటికిస్తే ఆ ఆఫీసులో నాకు వేరే పని లేదు. ఈ పని లేకపోతే నాకు నేనే లేను దేవీ, ఉన్నమాట చెప్తున్నాను.

గడువు అడిగేను. సర్వర్ సెట్టింగులన్నీ ఫైళ్ళలో రాసి గిట్‌లో పెడతాను. ఎవరు ఎప్పుడు ఏం మార్చేరో అందులో నిలిచి ఉంటుంది. మే నెలలో ఒక రోజు సర్వర్‌ని మొత్తం చెరిపేసి, ఆ ఫైళ్ళతోనే మళ్ళీ లేపి చూపిస్తాను. లేస్తే సర్వర్ నా చేతిలో ఉంటుంది. లేవకపోతే సంచీ సర్దుకుంటాను. ఒప్పుకున్నారు.

నీ టీము భాగం నువ్వు రాయి. రూళ్ళు విను. ఇకమీద ఎవరూ సర్వర్‌ని చేత్తో ముట్టుకోకూడదు, ఏం మార్చినా ఫైల్లోనే మార్చాలి. ప్రతి లైను పక్కన అది ఎందుకో రాయాలి. ఎందుకో రాయని లైను నేను ఒప్పుకోను. ఏ మార్పైనా నువ్వు, ఏబెల్, ఉదయ్ గారు ముగ్గురూ సరేనంటేనే సర్వర్‌కి వెళ్తుంది. ఇంకోటి, నీకు మాత్రమే. ఫోన్లో గబగబా చెప్పకు, మెయిల్లో ఉత్తరంలా రాయి. ఉత్తరమైతే నిదానంగా ఎన్నిసార్లైనా వినొచ్చు.

ఇక్కడ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ నడుస్తోంది. చెరకు ట్రాక్టర్లు మా మేడ పక్కనుంచే పోతాయి, గాలంతా పాకం వాసన. పొద్దున్న కిటికీ తెరిస్తే మంచు. చప్పుడు వస్తుంది కానీ ట్రాక్టరు కనపడదు. చెరకు తనంతట తనే మంచులో తేలుకుంటూ వెళ్ళిపోతున్నట్టుంటుంది. చాలాసేపు అలా నిలబడిపోతున్నాను.

మీ అత్త
ఝాన్సీ


బెంగళూరు
ఫిబ్రవరి

అత్తా,

ఉత్తరం రాయమంటే నవ్వొచ్చింది, రాస్తుంటే బాగుంది. ఇక్కడ నా కిటికీలోంచి ఎదుటి అపార్ట్‌మెంటు వాళ్ళ వాషింగ్ మిషను కనపడుతుంది. నువ్వు మంచు గురించి రాసింది చదివి ఆ మిషను వైపే చూస్తూ కూర్చున్నాను.

నాకొకటి అర్థం కాలేదు. నువ్వు లేకపోయినా సర్వర్ లేస్తుందని అందరి ముందూ నిరూపిస్తానంటున్నావు. నిరూపించేక ఇంక నువ్వెందుకని ఉదయ్ గారు అడిగితే ఏం చెప్తావు? ఈ భయంతో నాకు చెయ్యి ఆడటం లేదు. అయినా నా టీము భాగం రాసేను. పాత ఫోన్ల మీద పెట్టే పరీక్ష ఒకటుంది కదా, ఎవరూ ఎందుకో చెప్పలేకపోయేరు, తీసేద్దామన్నారు. వెతగ్గా వెతగ్గా తెలిసింది. రావికమతం వైపు రైతులు మన పంటల యాప్‌ని ఇంకా ఆ ఫోన్లలోనే చూస్తున్నారట. లైను పక్కన అదే రాసేను.

ఏబెల్ మాత్రం గొణుగుతున్నాడు. "ఒక్క బటన్ నొక్కితే అయిపోయేదానికి ఇంత రాతకోతలా, మీ అత్తకి చాదస్తం" అన్నాడు. మేనత్తని అంటే ఊరుకుంటానా? రెండు తగిలించేను.

ఒక చిన్న సంగతి. యాప్‌ని బయటికి పంపే పాస్‌వర్డ్ పొరపాటున ఫైల్లోనే రాసేసేను. వెంటనే చూసుకుని చెరిపేసేను. చెరిపేసేను కాబట్టి కోప్పడకు.

నీ
దేవి


చోడవరం
మార్చి

దేవీ,

కోప్పడతాను.

గిట్‌లో చెరపడం అంటూ లేదే తల్లీ. నువ్వు ఇవాళ్టి ఫైల్లో చెరిపేవు, నిన్నటి ఫైలు అలాగే ఉంది. ఎవరైనా వెనక్కి వెళ్ళి చదువుకోవచ్చు. అది ఏదీ మర్చిపోదు. ఆ పాస్‌వర్డే మార్చేసేను, పాతది ఇంక ఎవరికి దొరికినా పనికిరాదు. కొత్తది ఫైళ్ళకి బయట, తాళం వేసి ఉంచేను. కొన్ని ఫైల్లో రాయాలి, కొన్ని రాయకూడదు. ఏది రాయాలో ఏది దాచాలో తెలియడమే ఈ పనిలో సగం.

నువ్వు అడిగినదానికి జవాబు. పులుసు ఎలా పెట్టాలో గోడ మీద రాసి పెట్టినంత మాత్రాన పెట్టే మనిషి అక్కర్లేకుండా పోతుందా? రేపు ఇద్దరు కొత్తవాళ్ళొస్తారు, ఏదో విరుగుతుంది, ఎవరో ఒకరు కూర్చుని ఆ ఫైలు మార్చాలి. ఆ ఎవరో ఒకరు నేను కావాలని నా ఆశ. అయినా నీ భయం నాకూ ఉంది.

ఏబెల్‌కి నువ్వు తగిలించినవి చాలవు, నావి రెండు బాకీ పెట్టు.

కింద వాటాలో ఇంటావిడ అప్పలనరసమ్మ గారు నా మీద గుర్రుగా ఉంది. మెట్ల దగ్గర నిలదీసింది. "ఏటే ఝాన్సీ, రోజూ ఐసు బండి గంట ఇనపడతాది, బయటికెల్లి సూస్తే బండుండదు. లేపోతే పళ్ళెం పడేస్తావు. ఆ పళ్ళేలు సొట్టలు పడిపోవా?" అంది. నవ్వేసి వచ్చేసేను.

నిన్న కల వచ్చింది. వడ్డాదిలో మా పాత వీధి. చెరకు ఆకుల అంచు మీద రంపంలాంటి పళ్ళు కూడా విడివిడిగా కనపడ్డాయి. ఐస్ బండి వచ్చింది. దాని మీద పచ్చరంగు పెచ్చులూడి కింద నీలం బయటపడింది. నువ్వు చెప్పుల్లేకుండా దాని వెనక పరిగెత్తేవు, నీ కాలికి అంటిన ఎర్రమట్టి కూడా చూసేను. ఈ మధ్య కలలన్నీ ఇలాగే, గీసినట్టు వస్తున్నాయి. మెలకువ వస్తే మళ్ళీ మంచు. ఈ ఏడు ఎందుకో మంచు వదలడం లేదు.

అత్త


బెంగళూరు
ఏప్రిల్

అత్తా,

నీకో శుభవార్త. ఏబెల్ మారిపోయేడు. మొన్న వాళ్ళ టీములో ఎవరో ఫైల్లో ఒక సెట్టింగు తిప్పేరు, మేం ముగ్గురం సరిగ్గా చూడకుండా సరేనన్నాం, బిల్లింగ్ అంతా ఆగిపోయింది. గిట్‌లో చూస్తే ఎవరు, ఎందుకు మార్చేరో అక్కడే రాసి ఉంది. నిన్నటి ఫైలు తెచ్చి పెట్టేసేడు, టీ చల్లారేలోపు సర్దుకుంది. ఇప్పుడు ఎవరైనా 'ఎందుకు' రాయకపోతే వాడే వెనక్కి పంపుతున్నాడు. నీకంటే పెద్ద చాదస్తం అయిపోయేడు.

మరి నాకు రెండు సంగతులు చెప్పు. పళ్ళేలు ఎందుకు పడేస్తున్నావు? చేతులు వణుకుతున్నాయా? రెండోది, ఈ మంచు. వడ్డాదిలో ఉన్న నాన్నని ఫోన్లో అడిగేను. "మంచేటి, మాడిపోతన్నాం ఇక్కడ. పెనం మీదున్నట్టుంది" అన్నాడు. ఏప్రిల్లో చోడవరంలో మంచేమిటి అత్తా? నువ్వు నాకు తెలియకుండా కవిత్వం రాస్తున్నావా?

అడిగేనని విసుక్కోకు. నీ ఉత్తరాలు చదివితే నిద్రలో నడుస్తున్నట్టుంటుంది, ఆ మంచులోకి నేనూ వచ్చేస్తాను. కానీ వచ్చేక నువ్వు కనపడవు.

నా కొత్త ఫోటో పంపుతున్నాను. ఎలా ఉన్నానో చెప్పు.

దేవి


చోడవరం
ఏప్రిల్ చివర

దేవీ,

మంచు ఉందంటే ఉంది. మీ నాన్న లేచేసరికి ఎండెక్కిపోతుంది, వాడికేం తెలుసు. పళ్ళేలు చేయి జారి పడుతున్నాయి, అంతే.

ఫోటో బాగుంది. జడ నీకు నప్పింది, అలాగే ఉంచుకో.

మే రెండో శనివారం చెరపడానికి ఖాయం అయింది. మీటను ఆఫీసు నుంచి ఏబెల్ నొక్కుతాడు. నేను ఇక్కడి నుంచి చూస్తాను. నువ్వూ కాల్‌లో ఉండు. ఫైళ్ళన్నీ మరోసారి విన్నాను, చదివేను. ఏమీ మిగల్లేదనే అనుకుంటున్నాను.

పని ఉంది, ఉంటాను.

అత్త


బెంగళూరు
మే, ఆ శనివారం మర్నాడు

అత్తా,

నిన్నటి నుంచి నువ్వు ఫోనెత్తడం లేదు. అందుకే రాస్తున్నాను. నువ్వు ఎన్నిసార్లైనా ఇది చదువుకో.

ఏబెల్ మొత్తం చెరిపేసినప్పుడు నా గుండె కూడా ఖాళీ అయిపోయింది. తరవాత నీ ఫైళ్ళు ఒక్కొక్కటి ఎక్కడం మొదలైంది. బిల్లింగ్ లేచింది. మా యాప్ లేచింది. రావికమతం పాత ఫోన్ల పరీక్ష కూడా లేచింది. పేజీ అంతా పచ్చచుక్కలు. ఏబెల్ కుర్చీలోంచి లేచి గంతేసేడు. ఉదయ్ గారు నవ్వుతూ "ఝాన్సీ గారూ, ఏమంటారు?" అని అడిగేరు.

నువ్వేమో "ఇంకా రాలేదండి. ఆగండి" అన్నావు.

అందరం ఆగేం. ఆయన మళ్ళీ అడిగేరు. నువ్వు మళ్ళీ "ఇంకా ఏదీ అవ్వలేదు కదా" అన్నావు. తెర నిండా పచ్చగా ఉంది అత్తా! ఉదయ్ గారి ముఖం మారిపోయింది. "సరే, నేను ఆలోచించి చెప్తాను" అని కాల్ పెట్టేసేరు. నీ పని గెలిచింది, నువ్వు ఓడిపోయినట్టు అయింది. ఆయన నీ గురించి ఏమనుకుని ఉంటారో తలుచుకుంటే నాకు ఏడుపొస్తోంది.

ఏటి రాలేదు అత్తా? దేని కోసం ఆగమన్నావు?

ఇంకొకటి. నేను జుట్టు చెవుల కిందికి కత్తిరించుకున్నాను. నీకు పంపిన ఫోటోలో జడ లేదు.

దేవి


చోడవరం
మే

బంగారూ,

గంట రాలేదు.

నా బల్ల మీద చిన్న స్పీకరు ఒకటుంది. సర్వర్‌లో పని బాగా అయితే దాంట్లో ఐస్ బండి గంట మోగేలా, పాడైతే స్టీలు పళ్ళెం పడ్డ చప్పుడు వచ్చేలా కిందటేడు పెట్టుకున్నాను. వడ్డాది బండి గంటే, అన్నయ్య ఫోన్లో ఎప్పుడో రికార్డు చేసింది. అప్పలనరసమ్మ గారు వినే పళ్ళెం అదే. శనివారం నాడు ఆ గంట కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. గంట మోగలేదు, పళ్ళెం పడలేదు. అంటే ఇంకా ఏదీ అవ్వలేదనుకున్నాను. నువ్వు చెప్పే పచ్చచుక్కలు నాకు కనపడవు దేవీ.

కంటి నరం ఎండిపోతోందట. వైజాగ్ డాక్టరు చెప్పేడు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోడానికి చుక్కల మందు వేసుకుంటున్నాను. ప్రశాంతంగా ఉంటుందని చోడవరం వచ్చేనని మీ అందరికీ చెప్పేను. నిజానికి వైజాగ్ రోడ్లు దాటలేక వచ్చేసేను. ముందు అక్షరాల అంచులు పోయేయి, తరవాత బటన్లు మునిగేయి. సర్వర్ పేజీలో నా కంప్యూటర్ చదవలేని బటన్లు బోలెడు. ఫైలైతే మొదటి లైను నుంచి చివరి దాకా చదివి వినిపిస్తుంది. ఉదయ్ గారు అడగకపోయినా నేను ఏదో ఒకనాడు అన్నీ ఫైళ్ళలోకి మార్చాల్సిందే. నీ ఉత్తరాలు కూడా వింటున్నాను. ఆ మిషను గొంతులో నీ వెటకారం ఎంత బాగుంటుందో నీకు తెలియదు.

గంటని మాత్రం ఫైల్లో పెట్టలేదు. పెడితే పక్కన ఎందుకో రాయాలి కదా. రూలు నాదే. అందుకని అందరినీ ముట్టుకోవద్దని చెప్పి, నేను చేత్తో పెట్టుకున్నదాన్ని మాత్రం సర్వర్‌లో అలాగే ఉంచేసేను. చెరిపేసేక ఫైళ్ళలో ఉన్నదంతా వచ్చింది, ఆ ఒక్కటి రాలేదు. ఎలా వస్తుంది?

మంచు లేదే. మీ నాన్న చెప్పిందే నిజం. ఎండ మండిపోతోంది. కానీ నాకు ఈ కిటికీలోంచి చెరకు తోటలన్నీ తెల్లగా, మెత్తగా, దూరంగా ఉంటాయి. మొదట్లో ఏడ్చేను. తరవాత అలవాటైంది, ఒక్కోసారి అందంగానే ఉంటుంది. నీకు అబద్ధం చెప్పాలని కాదు, నాకు కనపడిందే రాసేను.

ఉదయ్ గారికి తెలిస్తే, చూపులేని మనిషి చేతిలో సర్వర్ ఎలా పెడతానంటారు. అదే నా భయమంతా. నువ్వు ఎవరికీ చెప్పకు. మీ నాన్నకి అసలు చెప్పకు.

అత్త


బెంగళూరు
మే

అత్తా,

ముందు తిట్టనీ. ఒక్కదానివే బస్సెక్కి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తున్నావా? నాకు చెప్తే నేనేమైనా నీ సర్వర్‌ని ఎత్తుకుపోతానా? నీ ఉత్తరం చదివి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చేను. సెక్యూరిటీ ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చేడు. ఈసారి డాక్టరు దగ్గరికి నేను వస్తాను. సెలవు పెట్టేసేను, అడగలేదు, చెప్తున్నాను.

నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. చెప్పాల్సింది నేను కాదు.

కానీ ఒక పని చేసేను. గంటని ఫైల్లో రాసేను. పళ్ళేన్ని కూడా. నీ రూళ్ళ ప్రకారమే, సర్వర్‌ని ముట్టుకోకుండా. పక్కన 'ఎందుకు' అన్నచోట మాత్రం ఖాళీ వదిలేను. అది నీ లైను. నువ్వు రాస్తే ముగ్గురికీ వెళ్తుంది. రాయకపోతే చెప్పు, ఈ మార్పు ఎవరూ చూడకముందే వెనక్కి తీసేసుకుంటాను, మనిద్దరికీ తప్ప తెలియదు. అప్పుడు గంట ఉండదు.

కొన్ని రాయాలి, కొన్ని దాచాలి అన్నావు. నేను నీ దగ్గర నేర్చుకున్నదే నీకు చెప్తున్నాను, పెద్దదానివి, ఏమీ అనుకోకు. బయటపడితే ఎవరో వచ్చి దోచుకుపోయేదాన్ని దాచాలి. నీ కళ్ళు పాస్‌వర్డ్ కాదు అత్తా.

ఎందుకో చెప్పకుండా నాన్న ఫోన్లోంచి తెప్పించుకున్న ఆ గంటని రాత్రి ఇక్కడ ఒకసారి మోగించి చూసేను. తెలియకుండానే చెప్పుల్లేకుండా గుమ్మం దాకా వచ్చేసేను.

దేవి


చోడవరం
జూన్

ఒసే గుంటా,

రెండు రోజులు ఆ ఖాళీ ముందు కూర్చున్నాను. కంప్యూటర్ "ఎందుకు" అని చదివి ఆగిపోయేది. మళ్ళీ చదివించేదాన్ని, మళ్ళీ అక్కడే ఆగిపోయేది. మూడోనాడు పొద్దున్న రాసేను.

"ఎందుకు: ఈ సర్వర్ చూసుకునే ఝాన్సీకి కళ్ళు సరిగ్గా కనపడవు. గంట విని పని చేస్తుంది. దయచేసి తీసేయకండి."

రాసి పంపేసేను. ముందు నీ ఒప్పుకోలు వచ్చింది. ఏబెల్‌ది ఆ వెనకే వచ్చింది. పళ్ళెం చప్పుడు ఆఫీసులో కూడా పెట్టాలట, వాళ్ళ కుర్రాళ్ళకి బుద్ధొస్తుందట. ఉదయ్ గారి నుంచి మాత్రం ఏమీ లేదు. మధ్యాహ్నం ఫోను చేసేరు.

"ఝాన్సీ గారూ, ఆ శనివారం మీరు ఎందుకు ఆగమన్నారో ఇప్పుడు అర్థమైంది. నాతో విడిగా చెప్తే సరిపోయేది కదండీ. ఆ లైను అందరూ చదువుతారు. కావాలంటే తీసేద్దాం" అన్నారు.

"ఎందుకో రాయని లైను ఒప్పుకోనని మీ అందరికీ చెప్పిన మనిషిని నేనే కదండీ, ఉండనీండి" అన్నాను. అక్కడితో ఆగకుండా అడిగేసేను. "మరి బయట కంపెనీ మాటేమిటండీ?"

"రెండిటికీ నా జవాబు ఆ లైను దగ్గరే పెడతాను" అని ఫోను పెట్టేసేరు.

ఆ రాత్రి ఏ కలా రాలేదు. పొద్దున్న టీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. వాన పడి వెలిసినట్టుంది, మట్టి వాసన. తోటలు ఎప్పట్లాగే తెల్లగా, ఎక్కడో దూరంగా ఉన్నాయి. ముగ్గురూ సరేనంటేనే మార్పు సర్వర్‌కి వెళ్తుంది, సర్వర్‌కి వెళ్తేనే గంట ఉంటుంది. అది మోగకపోతే నేను ఇంక ఏం వినాలి అనుకుంటూ అలాగే నిలబడ్డాను.

మోగింది దేవీ. నా వెనక, బల్ల మీద, వడ్డాది బండి గంట. టీ సగం నా కాళ్ళ మీదే పోసుకున్నాను.

కింద తలుపు తీసిన చప్పుడైంది. అప్పలనరసమ్మ గారు మెట్ల దగ్గరికొచ్చి కేకేసింది. "ఏటే ఝాన్సీ, నీ ఐసు బండి మళ్ళీ వచ్చిందేటి? ఇన్నాళ్ళూ ఎక్కడికెల్పోయింది?"

"వచ్చింది పిన్నిగారూ" అన్నాను. "ఇంక పోదు."

మీ అత్త
ఝాన్సీ